వాన నల్లమలలో, నీళ్లు నంద్యాలలో

నల్లమల మీద రాత్రంతా వాన పడితే తెల్లారేసరికి ఆ నీళ్లు ఎక్కడుంటాయి? కుందూ నది ఒడ్డున బతికేవాళ్లకు ఇది బతుకుతెరువు ప్రశ్న. 2019 సెప్టెంబరు నడుమ కురిసిన వానలకు మహానంది గుడిలోకి వరద చేరింది. కుందూ పొంగింది. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో వాగులు రోడ్ల మీదికెక్కి రాకపోకలు ఆగిపోయాయి, పైర్లు మునిగాయి. అలాంటి రోజున కంట్రోల్ రూములో కూర్చున్న అధికారికి ఎన్ని మిల్లీమీటర్లు పడిందన్న లెక్క ఒక్కటే చాలదు. ఏ వాగు ఎగువన పడింది, ఆ వాగు ఏయే ఊళ్ల మీదుగా వచ్చి కుందూలో ఎక్కడ కలుస్తుంది, దారిలో ఎన్ని ఇళ్లున్నాయి, ఆ ఇళ్లకు పోయే రోడ్డు ఏ కల్వర్టు దాటాలి, ఆ కల్వర్టు మీద ఇప్పుడు నీళ్లు ఎంత లోతున పారుతున్నాయి? ఇవన్నీ ఒకేసారి తెలియాలి.

చిక్కేమిటంటే ఈ వివరాలు ఒక్కచోట ఉండవు. వాన లెక్క ఒక శాఖ దగ్గర, జనాభా ఇంకో శాఖ దగ్గర, రోడ్లు మరొకరి దగ్గర, కాలువలు జలవనరుల వాళ్ల దగ్గర, అడవి అటవీశాఖ దగ్గర. వీటన్నిటినీ కలిపే లంకె ఒకటే. వానైనా ఇల్లయినా కాలువైనా నేల మీద ఏదో ఒక చోట ఉంటుంది. ఆ చోటును ఆధారం చేసుకుని వేర్వేరు సమాచారాలను జతపరిచి, ప్రశ్నలడిగి, జవాబులు రాబట్టే ఏర్పాటే భౌగోళిక సమాచార వ్యవస్థ. అందరూ జీఐఎస్ అంటారు. కంప్యూటర్లో గీసిన పటమే జీఐఎస్ అని చాలామంది అనుకుంటారు. పటం దాని నుంచి వచ్చే ఫలితాల్లో ఒకటి మాత్రమే. అచ్చయిన పటాన్ని మనం చూడగలం కానీ, "మద్దిలేరు వాగుకు రెండు వందల మీటర్ల లోపు ఎన్ని ఇళ్లున్నాయి?" అని అడగలేం. జీఐఎస్‌ను అడగొచ్చు.

నంద్యాల, ఆళ్లగడ్డ ఉన్న నేల అలాంటి ప్రశ్నలకు తగ్గట్టుగానే ఉంటుంది. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ నల్లరేగడి పరుచుకున్న కుందూ లోయ. ఓర్వకల్లు వైపు ఎర్రమల కొండల్లో పుట్టిన కుందూ నంద్యాల పక్కగా దక్షిణానికి సాగి, కడప జిల్లాలో కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. నల్లమల నుంచి దిగే వాగులూ వంకలూ పడమటికి పారి దాన్ని చేరతాయి. మద్దిలేరు, చామకాల్వ నంద్యాల ఊరిని తాకుతూనే పోతాయి. ఆళ్లగడ్డకు వక్కిలేరు ఉంది.

వీటికి తోడు మనిషి తవ్విన దారులున్నాయి. 1863 నుంచి 1870 వరకు మద్రాసు ఇరిగేషన్ కంపెనీ కర్నూలు-కడప కాలువ (కేసీ కెనాల్) తవ్వింది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలయ్యే ఈ కాలువ కృష్ణా పరీవాహకంలోని నీళ్లను పెన్నా పరీవాహకంలోకి తెస్తుంది. ఆ తర్వాత వందేళ్లు దాటాక పోతిరెడ్డిపాడు గేట్ల ద్వారా శ్రీశైలం నీళ్లు కూడా వచ్చాయి. బానకచర్ల దగ్గర అవి చీలి, కొన్ని తెలుగుగంగకని వెలుగోడు జలాశయంలోకి, కొన్ని శ్రీశైలం కుడి కాలువలోకి, కొన్ని నిప్పులవాగు మీదుగా కుందూలోకి పోతాయి. కాబట్టి నంద్యాల వంతెన కింద పారే నీళ్లలో వాన వల్ల వచ్చిందెంత, గేట్లెత్తి వదిలిందెంత అన్నది ఒట్టి నీలిగీతను చూస్తే తేలదు. ఆ గీత వెనక పారే దిక్కు, మోయగల క్యూసెక్కులు, గేట్లు ఉన్న చోట్లు అన్నీ రాసి ఉండాలి. జీఐఎస్‌లో గీతకు అలాంటి వివరాల పట్టిక జతపడి ఉంటుంది. బొమ్మకూ దీనికీ తేడా అదే.

చోటుకు చిరునామా

ఒక చోటు గురించి కంప్యూటర్‌తో మాట్లాడాలంటే దానికి అంకెల చిరునామా కావాలి. నంద్యాల సుమారు 15.48 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.48 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. ఆళ్లగడ్డ 15.13, 78.5 దగ్గర ఉంది. రేఖాంశాలు దాదాపు ఒకటే కాబట్టి ఆళ్లగడ్డ నంద్యాలకు నేరుగా దక్షిణాన ఉన్నట్టు. అక్షాంశాల్లో తేడా 0.35 డిగ్రీలు. ఇక్కడ ఒక్కో అక్షాంశ డిగ్రీ నేల మీద 110 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది కనుక రెండూళ్ల మధ్య సూటి దూరం 39 కిలోమీటర్ల దాకా వస్తుంది. జాతీయ రహదారి 40 మీద పోతే ఇంకొంచెం ఎక్కువ. ఇలా రెండు దశాంశాలు రాస్తే ఊరిని చూపించడానికి సరిపోతుంది, ఎందుకంటే రెండో అంకెలో ఒకటి తేడా పడితే నేల మీద కిలోమీటరు పైన జరుగుతుంది. నాలుగో అంకెలో ఒకటి తేడా వస్తే 11 మీటర్లు. పొలం గట్టు గురించి మాట్లాడాలంటే ఆరు దశాంశాల దాకా పోవాలి.

అంకెలు సరిగ్గా రాసినా పని అయిపోదు. ఏ భూగోళం మీద కొలిచారన్నది చెప్పాలి. భూమి పూర్తి గుండ్రం కాదు, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది. ఎంత నొక్కుకుపోయిందన్న లెక్క కాలంతో పాటు మారుతూ వచ్చింది. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే మన గుత్తి మీదుగా ఉత్తరానికి పాకింది. ఆ కొలతల ఆధారంగా జార్జ్ ఎవరెస్ట్ 1830లో భూమి ఆకారానికి ఒక లెక్క కట్టాడు. మన పాత సర్వే పటాలన్నీ ఆ ఎవరెస్ట్ లెక్క మీదే తయారయ్యాయి. ఈనాటి ఫోన్లూ ఉపగ్రహాలూ వాడేది వేరే లెక్క, దాని పేరు డబ్ల్యూజీఎస్ 84. పాత పటంలోని అంకెల్ని మార్చకుండా కొత్త లెక్కలోకి ఎత్తితే నంద్యాల ప్రాంతంలో చోటు వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. ఊరి పటానికి అది పెద్ద విషయం కాకపోవచ్చు. బోరుబావికైతే పక్కవాడి పొలం.

ఇంకో చిక్కుంది, అది నంద్యాల జిల్లాకు ప్రత్యేకం. దూరాలనూ విస్తీర్ణాలనూ డిగ్రీల్లో లెక్కించడం కష్టం, మీటర్లు కావాలి. అందుకని ప్రపంచాన్ని ఆరేసి డిగ్రీల వెడల్పున 60 నిలువు పట్టీలుగా చీల్చి, ఒక్కో పట్టీని విడిగా చదును చేసి మీటర్లలో కొలుస్తారు. దీన్ని యూటీఎం పద్ధతి అంటారు. 78 డిగ్రీల రేఖాంశం దగ్గర 43వ పట్టీ ముగిసి 44వది మొదలవుతుంది. ఆ గీత సరిగ్గా మన జిల్లాలోంచి పోతుంది. నంద్యాల, ఆళ్లగడ్డ, బేతంచెర్ల 44లో ఉన్నాయి. డోన్, ప్యాపిలి 43లో ఉన్నాయి. సర్వే ఆఫ్ ఇండియా పటాల్లోనూ ఇదే గీత దగ్గర 57 ఈ షీటు ముగిసి 57 ఐ షీటు మొదలవుతుంది.

పట్టీ మారినప్పుడల్లా తూర్పు కొలత కొత్తగా మొదలవుతుంది. డోన్ తూర్పు కొలత 43వ పట్టీలో 8 లక్షల మీటర్ల పైన ఉంటే, నంద్యాలది 44వ పట్టీలో 2 లక్షల 30 వేల దగ్గర ఉంటుంది. ఈ రెండు ఫైళ్లనూ ఒకే పట్టీవని చెప్పి కంప్యూటర్లో తెరిస్తే, నంద్యాలకు పడమట 65 కిలోమీటర్ల దూరంలో ఉన్న డోన్ తూర్పున బంగాళాఖాతంలో తేలుతుంది. సాఫ్ట్‌వేర్ తప్పు పట్టదు, దానికి చెప్పిందే అది గీస్తుంది. జిల్లా మొత్తానికి పనిచేసేవాళ్లు ముందే ఒక పట్టీని నిర్ణయించుకుని అన్నిటినీ దాంట్లోకి మార్చుకోవాలి. నంద్యాలలో జీఐఎస్ నేర్పేవాళ్లు మొదటి పాఠం ఇక్కడే మొదలుపెడితే బాగుంటుందని నాకనిపిస్తుంది. పుస్తకంలో పేజీల కొద్దీ చదివినా అర్థంకాని సంగతి డోన్‌ను సముద్రంలో చూస్తే మరుక్షణం అర్థమవుతుంది.

గీతలు, గడులు

నేలను కంప్యూటర్లో రాసుకోవడానికి రెండు దారులున్నాయి. మొదటిది వెక్టర్. మన ఆడవాళ్లు చుక్కల ముగ్గు వేసే తీరే ఇక్కడా కనిపిస్తుంది. ముందు చుక్కలు, తర్వాత చుక్కల్ని కలిపే గీతలు, గీత తిరిగి మొదటికి వస్తే మూసుకున్న ఆకారం. బోరుబావి ఒక చుక్క. వక్కిలేరు ఒక గీత. పొలం, చెరువు, మండలం మూసుకున్న ఆకారాలు. ఒకే వస్తువు పని బట్టి రూపం మార్చుకుంటుంది. రాష్ట్ర పటంలో ఆళ్లగడ్డ ఒక చుక్క. పట్టణ ప్రణాళిక వేసేటప్పుడు అదే ఆళ్లగడ్డ వీధులతో, వార్డులతో కూడిన పెద్ద ఆకారం.

ప్రతి ఆకారానికీ వెనక ఒక పట్టిక ఉంటుంది. చెరువైతే పేరు, ఆయకట్టు, అలుగు ఎత్తు. ఊరైతే జనాభా, బడి, ఆసుపత్రి. ఈ పట్టికల్ని కలిపేటప్పుడే అసలు తలనొప్పి మొదలవుతుంది. ఒక శాఖ ఊరి పేరును ఒకలా రాస్తుంది, ఇంకో శాఖ ఇంకోలా రాస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఆళ్లగడ్డకు ఒక అక్షరం ఎక్కువ తక్కువైతే కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు ఊళ్లు. అందుకే పేర్లతో కాకుండా ప్రతి ఊరికీ మండలానికీ ఉన్న ప్రభుత్వ కోడ్ నంబర్లతో కలపడం క్షేమం. తేదీ కూడా ముఖ్యమే. నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. 2011 జనగణన పట్టికల్లో ఈ ఊళ్లన్నీ కర్నూలు జిల్లా కిందే ఉన్నాయి. కొత్త జిల్లాకు 2011 నాటి అంకె కావాలంటే మండలాల వారీగా ఏరుకొచ్చి కూడుకోవాలి. ఏ తేదీ నాటి సరిహద్దో రాయని పటం మీద వేసిన లెక్కలను నమ్మకూడదు.

రెండో దారి రాస్టర్. నేలను సమాన గడులుగా కోసి ఒక్కో గడికి ఒక్కో అంకె ఇస్తారు. ఉపగ్రహ చిత్రాలన్నీ ఇలాంటివే. 1988 మార్చి 17న ఐఆర్‌ఎస్-1ఏ ఎగిరినప్పటి నుంచి మన దేశానికి సొంత దూరసంవేదన ఉపగ్రహాలున్నాయి. వాటి సమాచారాన్ని అందుకుని పంచేది హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం, ఎన్‌ఆర్‌ఎస్‌సీ. రిసోర్స్‌శాట్ ఉపగ్రహాల్లోని లిస్-3 కెమెరాకు ఒక్కో గడి 23.5 మీటర్లు, లిస్-4కు 5.8 మీటర్లు. మొదటిదాంట్లో మన సన్నకారు రైతు పొలం కొన్ని గడుల్లోనే ఇమిడిపోతుంది. రెండోదాంట్లో గట్లు కూడా లీలగా తెలుస్తాయి.

పచ్చని ఆకు ఎర్రని కాంతిని పీల్చుకుని, కంటికి కనిపించని పరారుణ కాంతిని వెనక్కి కొడుతుంది. ఈ రెండింటి తేడాను లెక్కవేస్తే గడిలో పైరు ఎంత ఏపుగా ఉందో తేలుతుంది. కేసీ కెనాల్ కింద వరి, మెట్ట రేగడిలో రబీ శనగ వేర్వేరు రోజుల్లో పచ్చబడతాయి, వేర్వేరు రోజుల్లో పండుతాయి. కాబట్టి ఒక్క చిత్రంలో కాకపోయినా, వరసగా కొన్ని వారాల చిత్రాలు చూస్తే ఏది వరో ఏది శనగో విడదీయొచ్చు. అయితే ఈ విడదీత కుర్చీలో కూర్చుని అయ్యే పని కాదు. కొన్ని పొలాల దగ్గరికి స్వయంగా పోయి, ఇక్కడ శనగ, ఇక్కడ జొన్న, ఇక్కడ మిరప అని రాసుకొచ్చి కంప్యూటర్‌కు చూపించాలి. రైతు చేలో అడుగుపెట్టకుండా తీసిన పంట లెక్క ఊహే అవుతుంది.

నీటి దారి లెక్క

మొదట అడిగిన ప్రశ్నకు ఇప్పుడు వద్దాం. వాన ఎటు పోతుందో తెలియాలంటే నేల ఎత్తుపల్లాలు తెలియాలి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక 11 రోజుల పాటు రాడార్‌తో భూమిలో చాలా భాగాన్ని కొలిచింది. ఆ కొలతల నుంచి 30 మీటర్ల గడికొకటి చొప్పున ఎత్తు అంకెలు వచ్చాయి. వాటిని ఇప్పుడు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. మన కార్టోశాట్-1 జంట కెమెరాలతో తీసిన చిత్రాల నుంచి కూడా అలాంటి ఎత్తుల నమూనా తయారైంది.

లెక్క సులువే. ఒక గడి చుట్టూ ఎనిమిది గడులుంటాయి. వాటిలో ఏ దిక్కున వాలు ఎక్కువగా ఉందో నీళ్లు అటే పోతాయి. ప్రతి గడికీ ఇలా దిక్కు గుర్తిస్తే, ఎగువ నుంచి ఎన్ని గడుల నీళ్లు తన మీదుగా పోతాయో ఒక్కో గడికి లెక్కపెట్టొచ్చు. ఆ అంకె బాగా పెద్దదైన గడుల్ని కలిపితే వాగులు వాటంతట అవే గీసుకుంటాయి. నంద్యాల వంతెన మీద వేలు పెట్టి "ఇక్కడికి నీళ్లు పంపే నేల ఎంత?" అని అడిగితే, మహానంది, బండి ఆత్మకూరు పైనున్న నల్లమల వాలు నుంచి పడమట ఎర్రమల దాకా ఆ పరీవాహకాన్ని చుట్టి చూపిస్తుంది. ఆ నేల మీద పడిన వానను, అక్కడి మట్టి పీల్చుకునే నీటిని లెక్కలోకి తీసుకుంటే వంతెన దగ్గరికి ఎంత వరద ఎప్పటికి వస్తుందో అంచనా వేయొచ్చు. కొండ వాలు మీద నీళ్లు వేగంగా దిగుతాయి. నల్లరేగడి ఎండినప్పుడు పగుళ్లిచ్చి నీళ్లు మింగుతుంది, ఒకసారి తడిసి ఉబ్బితే పగుళ్లు మూసుకుని నీళ్లు లోపలికి పోనివ్వదు. వరసగా మూడు రోజులు వాన పడ్డాక నాలుగో రోజు వాన ఎందుకంత ప్రమాదమో ఈ మట్టి చెబుతుంది.

కొండల్లో ఈ లెక్క చక్కగా పనిచేస్తుంది. కుందూ లోయలో తడబడుతుంది. ఇక్కడ నేల చదును. 30 మీటర్ల గడి అంటే 900 చదరపు మీటర్లకు ఒక్కటే ఎత్తు అంకె, అందులోనూ కొన్ని మీటర్ల తప్పు ఉండొచ్చు. అడవిలోనైతే రాడార్ చెట్ల కొమ్మల ఎత్తును కూడా కలుపుకుని చెబుతుంది. జాతీయ రహదారి కట్ట, కేసీ కెనాల్ గట్టు మీటరో రెండు మీటర్లో లేచి ఉంటాయి. చదును నేల మీద వరద ఎటు తిరగాలో నిర్ణయించేవి అవే. ఈ నమూనాకు ఆ గట్లు ఒకచోట కనిపించవు, ఒకచోట కనిపించి గోడల్లా అడ్డుపడతాయి. గట్టు కింద కల్వర్టు ఉందని, కాలువ కింద వాగు దాటే తూము ఉందని దానికి తెలియదు. కంప్యూటర్ పటంలో నీళ్లు గట్టు వెనక చెరువులా నిలిచిపోతాయి. నిజంలో తూము గుండా అవతలి ఊళ్లోకి పోతాయి. తూము పూడిపోయి ఉంటే మళ్లీ పటం చెప్పిందే నిజమవుతుంది.

ఏ తూము తెరిచి ఉందో, ఏది పూడిందో, ఏ వంక పాత దారి వదిలి ఏ చేలో పడుతోందో కాలువ లస్కర్‌కు తెలుసు. వాగు పక్క రైతుకు తెలుసు. వరదొచ్చినప్పుడు నీళ్లు బడి గోడ మీద ఎంత ఎత్తున గుర్తు వదిలిపోయాయో ఆ ఊరి టీచరుకు తెలుసు. ఈ తెలివిడి ఏ ఉపగ్రహంలోనూ లేదు. జీఐఎస్ గురించి నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే. ఈ వ్యవస్థకు యంత్రం కొరత కాదు, సాఫ్ట్‌వేర్ కొరత కాదు, ఊరివాళ్లకు తెలిసింది లోపలికి చేరకపోవడమే కొరత.

వరద వచ్చాక దాన్ని చూడటంలో మాత్రం ఉపగ్రహానికి సాటి లేదు. మామూలు కెమెరా ఉపగ్రహాలు మబ్బుల వెనక గుడ్డివవుతాయి. రాడార్ ఉపగ్రహాలు మబ్బును దాటి, రాత్రిలో కూడా చూస్తాయి. ఐరోపా వాళ్ల సెంటినల్-1, 2022 ఫిబ్రవరిలో ఇస్రో పంపిన ఈఓఎస్-04 ఇలాంటివే. నిలిచిన నీళ్లు నున్నగా ఉండి రాడార్ తరంగాన్ని పక్కకు జార్చేస్తాయి, అందువల్ల చిత్రంలో నల్లగా కనిపిస్తాయి. ఆ నలుపులోంచి ఎప్పుడూ ఉండే చెరువుల్నీ నదుల్నీ తీసేస్తే కొత్తగా మునిగిన నేల మిగులుతుంది. దాని మీద ఊళ్ల పొర, రోడ్ల పొర పరిస్తే సహాయం ఎక్కడికి, ఏ దారిలో పోవాలో తేలుతుంది. 2009 అక్టోబరులో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి కర్నూలు నగరం మునిగిన అనుభవం తర్వాత ఇలాంటి పటాల అవసరం మన ప్రాంతంలో ఎవరికీ చెప్పాల్సిన పని లేదు.

ఇలా పొర మీద పొర పరిచి చూడటమే జీఐఎస్‌కు గుండెకాయ. భూగర్భ నీళ్లు వెతికేవాళ్లూ ఇదే చేస్తారు. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలల గురించి రాసినప్పటి నుంచి మన ఊళ్ల పేర్లు భూవిజ్ఞానంలో నిలిచిపోయాయి. కర్నూలు శ్రేణిలో అడుగు నుంచి పైకి బనగానపల్లె క్వార్ట్‌జైట్, నర్జి సున్నపురాయి, అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోవెలకుంట్ల సున్నపురాయి, అన్నిటికన్నా పైన నంద్యాల షేల్ ఉన్నాయి. సున్నపురాయి నీళ్లకు కరిగి లోపల సొరంగాలవుతుంది. కొలిమిగుండ్ల దగ్గర మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న బెలూం గుహలు అలా ఏర్పడ్డవే. షేల్ నీళ్లను అంత సులువుగా పోనివ్వదు. రాతి పొర, నేల వాలు, మట్టి, రాతి పగుళ్ల గీతలు ఒకదాని మీద ఒకటి పరిస్తే బోరు వేయదగ్గ చోట్లు కొంతైనా తెలుస్తాయి. అప్పు చేసి బోరు మీద బోరు వేసి ఎండగట్టుకున్న రైతులున్న సీమలో ఇది చిన్న సాయం కాదు.

పొలం హద్దు

ఈ నేలకూ కొలతకూ పాత బంధం ఉంది. దత్తమండలాలు 1800లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక థామస్ మన్రో పొలం పొలాన్నీ కొలిపించాడు. ఆ తర్వాతి సర్వేల నుంచి మనకు మిగిలినవి సర్వే రాళ్లు, ఎఫ్‌ఎంబీలు. అవి పొలం కొలతల పుస్తకాలు: ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో పుట, అందులో లింకుల గొలుసుతో కొలిచిన పొడవులు. ఎఫ్‌ఎంబీ తనవరకు ఎంత జాగ్రత్తగా గీసినా దానికి భూమి మీద చిరునామా లేదు. పక్క నంబరుతో ఎలా అతుక్కుంటుందో చెబుతుంది కానీ అక్షాంశ రేఖాంశాలు చెప్పదు. ఒక ఊరి ఎఫ్‌ఎంబీలన్నీ కంప్యూటర్లో కలిపితే ఒకచోట సందు పడుతుంది, ఒకచోట రెండు పొలాలు ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి.

దీన్ని సరిచేయడానికి 2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. స్థిరమైన చోట్ల ఉపగ్రహ సంకేతాలందుకునే స్టేషన్లు పెట్టారు. వాటిని కార్స్ అంటారు. స్టేషనుకు తానున్న చోటు ముందే కచ్చితంగా తెలుసు కనుక, ఉపగ్రహం చెప్పినదానికీ తన అసలు చోటుకూ ఉన్న తేడా కనిపెట్టి, పొలంలో రోవర్ అనే కొలత పరికరం పట్టుకున్న సర్వేయరుకు ఆ సవరణ పంపుతుంది. మామూలు ఫోన్ కొన్ని మీటర్లు అటూ ఇటూగా చెబితే రోవర్ సెంటీమీటర్ల వరకు చెబుతుంది. పైనుంచి డ్రోన్ చిత్రాలు, కింద రోవర్ కొలతలు కలిపి ప్రతి కమతానికీ చిరునామా ఉన్న పటం గీస్తారు. దాన్నే ఎల్‌పీఎం అంటున్నారు.

సెంటీమీటరు కచ్చితత్వం గట్టు ఎక్కడుందో చెబుతుంది. గట్టు అక్కడ ఉండటం న్యాయమా కాదా అన్నది చెప్పదు. విస్తీర్ణం తగ్గిందని, అన్నదమ్ముల భూములకు ఉమ్మడి ఎల్‌పీఎంలు పడ్డాయని రైతులు ఫిర్యాదు చేసింది అందుకే. కొలిచేటప్పుడు ఇరుగుపొరుగు రైతులు గట్టు మీద నిలబడి ఒప్పుకోవాలి, ఆ ఒప్పుదల రాసుకోవాలి. పరికరం ఎంత గొప్పదైనా ఆ పద్ధతి పాటించకపోతే పటం కొత్త తగాదాకు కారణమవుతుంది.

కెనడాలో 1960లలో రోజర్ టామ్లిన్‌సన్ మొదటి జీఐఎస్ కట్టినప్పుడు గదులు నిండే కంప్యూటర్ కావాల్సి వచ్చింది. ఆనాడూ ఈనాడూ అందులో ఉండే భాగాలు ఇవే: యంత్రం, సాఫ్ట్‌వేర్, సమాచారం, పని చేసే పద్ధతి, మనుషులు. మొదటి రెండూ ఇప్పుడు అందరికీ అందాయి. 2002లో మొదలైన క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. ఎన్‌ఆర్‌ఎస్‌సీ 2009లో తెచ్చిన భువన్ పోర్టల్‌లో మన ఉపగ్రహ చిత్రాలు చూడొచ్చు. పటాలు గీయడం మీద ఉన్న పాత అనుమతుల ఆంక్షలు చాలావరకు 2021లో తొలగిపోయాయి. మిగిలిన మూడూ మన చేతుల్లో ఉన్నవి.

అందుకే నంద్యాల, ఆళ్లగడ్డ, శిరివెళ్ల, రుద్రవరం, గోస్పాడు, చాగలమర్రిలోని కాలేజీ పిల్లలకూ, వాళ్ల అధ్యాపకులకూ, సచివాలయాల్లోని గ్రామ సర్వేయర్లకూ నా మనవి. మీ ఊరి చుట్టూ ఉన్న ప్రతి కల్వర్టునూ తూమునూ ఫోనులో గుర్తించండి. దాని వెడల్పు, ఎత్తు టేపుతో కొలిచి రాయండి. పూడిందో లేదో రాయండి. వంకకు ఊరివాళ్లు పిలిచే పేరే రాయండి. 2009లో, 2019లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పెద్దవాళ్లను అడిగి, గోడ మీది ఆ గుర్తుకు నేల నుంచి ఎత్తు కొలవండి. కొలిచిన తేదీ తప్పకుండా వేయండి. ఇవన్నీ ఎవరైనా వాడుకునేలా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పెట్టి, ఒక ప్రతి పంచాయతీకి, ఇంకో ప్రతి జలవనరుల శాఖకు ఇవ్వండి. నైరుతి వానలు జూన్‌లో మొదలవుతాయి. ఈ పని మే నెలాఖరుకల్లా ముగించండి.